పప్పయ్య క్షమాపణ

ఆ వేసవిలో మా తమ్ముడు ఎవరికి క్షమాపణ చెప్పాడో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అడుగుదామంటే చెప్పినవాడు లేడు. బడిలో ఇన్నేళ్లుగా పిల్లల వాక్యాలు దిద్దుతున్నదాన్ని, ఈ ఒక్క వాక్యం ఎలా దిద్దాలో తెలియక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బడికి సెలవులిచ్చిన వారంలోనే చానెల్ నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చాలా మర్యాద తెలిసిన పిల్ల. ఆ తరవాత జరిగినవాటిలో ఎక్కడా ఆ మర్యాద తప్పలేదు. ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని, మరదలు ఇచ్చిన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని సంగతి చెప్పింది. పాతికేళ్ల కిందటి హాస్య సీరియల్‌ని చానెల్ మళ్లీ వెయ్యబోతోంది. అందులో నౌకరు వేషం మా తమ్ముడిదే.

ఆ వేషం తెలియనివాళ్లు అప్పట్లో లేరు. అయ్యగారు లోపల్నుంచి "ఒరేయ్!" అని కేక వేస్తాడు. భుజాన తువ్వాలు సర్దుకుంటూ వీడు పరుగెత్తుకొస్తాడు. "ప... ప... ప... పిలిచారా అయ్యగారూ?" అని వీడు పూర్తిచేసేలోపు వచ్చిన చుట్టం వెళ్లిపోయేవాడు, పొయ్యిమీద పాలు పొంగిపోయేవి, దొంగ గోడ దూకేసేవాడు. జనం పడీపడీ నవ్వేవాళ్లు. వాడి అసలు పేరు అందరూ మరిచిపోయి పప్పయ్య అన్నారు. పెళ్లి సంబంధం కూడా పప్పయ్యకే వచ్చింది. ఉత్తమ హాస్యనటుడని ఒక బహుమతి ఇచ్చారు. అది మా ముందుగదిలో టీవీకి పైన గోడ మీద ఉండేది.

"ఇప్పుడు పాతవి ఏవి వేసినా ముందు ఒక హెచ్చరిక వెయ్యాలి సార్," అని ఆ అమ్మాయి ఫోన్‌లోంచి చదివి వినిపించింది. "'ఈ ధారావాహికలో నత్తి ఉన్నవారిని కించపరిచే సన్నివేశాలు ఉన్నాయి. అవి ఆనాటి ఆలోచనలు. ఇప్పుడు మేం వాటిని సమర్థించడం లేదు.' ఇలా ఉంటుంది."

"బాగుంది," అన్నాడు తమ్ముడు. "ఇన్నాళ్లకి నన్ను సిగరెట్టు డబ్బాతో సమానం చేశారన్నమాట."

అందరం నవ్వాం. ఆ అమ్మాయి నవ్వి, గ్లాసు కింద పెట్టింది.

"మీరు కూడా రెండు ముక్కలు మాట్లాడితే బాగుంటుందని మావాళ్లు అంటున్నారు సార్. అయితే ముందు ఒకటి అడగాలి. తప్పుగా అనుకోకండి. మీకు నిజంగా నత్తి ఉందా?"

మరదలు నావైపు చూసింది.

"ఉంటే?" అన్నాడు తమ్ముడు.

"ఉంటే మీరు బాధితులు సార్. మేమే మీకు సారీ చెప్తాం."

"లేదంటే?"

"లేకుండా ఉన్నట్టు చేశారు గనక... మీరు చెప్పాలి."

"లేదమ్మా," అన్నాడు వాడు. "నాది నటన."

బల్లకింద వాడి బొటనవేలు మిగతా వేళ్లను ఒక్కొక్కటిగా తాకుతోంది. మాటకొక వేలు. అలా తాళం వేసుకోనిదే వాడు బయటివాళ్లతో ఒక్క వాక్యం మాట్లాడలేడని ఆ గదిలో మాకు తెలుసు. ఆ అమ్మాయికి తెలియదు.

వాడికి నత్తి మాటలు వచ్చిన నాటినుంచీ ఉంది. అన్ని అక్షరాల మీదా కాదు. మాట మొదట క గానీ ప గానీ ఉంటే గొంతుకు గొళ్లెం పడేది. అందుకని చిన్నప్పుడు నా కొంగు పట్టుకుని తిరిగేవాడు. "అక్కా, దీనికి ఇంకో మాట చెప్పు." నేను చెప్పేదాన్ని. కాకికి వాయసం, పువ్వుకి సుమం, కలానికి లేఖిని. వీధిలో పిల్లలు "ఒరేయ్, కాకి!" అని అరిస్తే వీడు "అవును, వాయసం" అనేవాడు. పంతులుగారని పేరు పెట్టారు. ఒకసారి కాలిపిక్క నుంచి నెత్తురు కారుతుండగా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి, "శునకం! శునకం!" అని ఏడ్చాడు. 'కరిచింది' అన్నమాట రాలేదు. మా నాన్న నవ్వి నవ్వి కుర్చీలోంచి జారి నేలమీద కూర్చున్నాడు. అమ్మ కట్టు కడుతూ నవ్వింది. నేనూ నవ్వాను.

నౌకరు వేషానికి వెళ్లినప్పుడు ఆ సీరియల్ నిర్మాత మొదట అడిగిందే ఇది: "నిజం నత్తివాడివి కాదుగదా? నిజం నత్తివాడైతే టేకులు తింటాడు, నాకొద్దు." "లేదండీ, సాధన చేశాను," అన్నాడు వీడు. అక్కణ్ణుంచి ఆ అబద్ధం వాడికి అన్నం పెట్టింది. బస్టాండులో నత్తి ఉన్న టికెట్లవాణ్ణి ఒకణ్ణి నెలంతా గమనించి నేర్చుకున్నానని ప్రతి సభలోనూ చెప్పేవాడు. ఆ టికెట్లవాడు ఏ బస్టాండులోనూ లేడు. కెమెరా ముందు వాడు చేసిందల్లా, రోజంతా బిగపట్టుకున్నదాన్ని కాస్త వదలడం. ఎక్కడ వదలాలో, ఎప్పుడు మళ్లీ పట్టుకోవాలో, అది మాత్రం నిజంగా విద్యే. ఇక నటన అంటారా, అది మిగతా రోజంతా మా అందరి మధ్యా చేసేవాడు. దానికి బహుమతి ఎవరిస్తారు?

అమ్మాయి వెళ్లాక మరదలు గ్లాసులు తీస్తూ అంది. "ఉంది అని ఒక్కమాట అంటే వాళ్లే మీకు దణ్ణం పెట్టేవాళ్లు గదండీ."

"దణ్ణం ఎవరికి? నాకా, నా నోటికా? ఇన్నేళ్లు నేను చేసిందంతా రోగమని చెప్పమంటావా?"

"మరిప్పుడు మీకు మీరే సారీ చెప్పుకుంటారా?"

"నష్టమేముంది? ఇంట్లోది ఇంట్లోనే ఉంటుంది."

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూర్చుని వాక్యం తయారు చేశాం. మొదట్లో క లేని మాటలు, ప లేని మాటలు. 'చింతిస్తున్నాను' అన్నాను. "చావు ఇంట్లో మాటలా ఉంది," అన్నాడు. 'విచారిస్తున్నాను' అన్నాను. "స్టేషన్లో రాయించుకున్నట్టుంది," అన్నాడు. నటన అన్న మాట ఉండి తీరాలన్నాడు. "అదొక్కటీ ఉండనీ అక్కా. మిగిలింది నీ ఇష్టం." చివరికి కుదిరింది: ఆనాటి నా నటన ఎవరి మనసునైనా నొప్పించి ఉంటే నన్ను మన్నించండి.

వారమంతా దాన్ని స్నానాలగదిలో అన్నాడు, మెట్ల మీద అన్నాడు, అన్నం కలుపుతూ అన్నాడు. మరదలు నాతో అంది: "నాతో ఎప్పుడైనా ఇంత సాఫీగా మాట్లాడారా వదినా? పెళ్లయిన కొత్తలో నన్ను పేరుపెట్టి పిలవకపోతే ఎంత మర్యాదస్థుడో అని మురిసిపోయాను. నా పేరు క తో మొదలవుతుందన్న సంగతి తరవాత గదా తట్టింది!"

"ఇదిగో, నిన్నే," అన్నాడు వాడు లోపల్నుంచి. "మంచినీళ్లు."

"చూశారా. ఇప్పటికీ నేను ఇదిగోనే."

స్టూడియో గది చిన్నది. గోడలకు నల్లగుడ్డ కట్టి ఉంది, లోపల చలి. నన్ను తీగల చుట్టల పక్కన ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. తమ్ముడు లైట్ల ముందు నిలబడి మొదటి టేకులోనే వాక్యం మొత్తం చెప్పేశాడు. ఎక్కడా ఆగలేదు. నాకు కడుపు నిండిపోయింది.

అద్దాల గదిలోంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. చానెల్లో ఏ మాట వెళ్లాలో ఏది వెళ్లకూడదో చూసే అధికారి.

"బాగుంది సార్. కానీ 'మన్నించండి' వద్దు. 'క్షమాపణలు కోరుతున్నాను' అనాలి."

"రెండూ ఒకటేనండీ," అన్నాను నేను. "నేను భాష చెప్పే టీచర్ని."

"మీకు ఒకటే మేడమ్. మా లాయరుకు కాదు. మన్నించండి అంటే బతిమాలినట్టు. క్షమాపణ అంటే తప్పు ఒప్పుకున్నట్టు. ఆయన సరేనన్న మాట అదొక్కటే."

"వాడికి ఆ మాట అలవాటు లేదండీ."

"సారీ చెప్పడం ఎవరికి అలవాటుంటుంది మేడమ్?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

"అట్లాగే," అన్నాడు తమ్ముడు.

మళ్లీ మొదలుపెట్టాడు. 'నొప్పించి ఉంటే' దాకా వచ్చి ఆగాడు. వేళ్లు తాళం వేశాయి. గుక్క పట్టి మళ్లీ వచ్చి మళ్లీ అక్కడే ఆగాడు. ఆ తరవాతిసారి గొంతు వదిలింది, మాట వదల్లేదు. "క్ష... క్ష... క్ష..." మెడనరం పైకి తేలింది. కళ్లు మూతపడ్డాయి.

కెమెరామెన్ ఫక్కున నవ్వాడు. "అబ్బ! పప్పయ్య దిగాడ్రోయ్!"

గది గదంతా నవ్వింది. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "సార్, ఇప్పుడది వద్దు సార్, ప్లీజ్. సీరియస్‌గా," అంది.

వాడు కళ్లు తెరిచి నన్ను చూశాడు. ఇంకో మాట చెప్పమన్న చూపు. ఆ మాట బదులు ఇంకో మాట వాళ్లు ఒప్పుకోరు. నేను తల దించుకున్నాను. మళ్లీ ఎత్తేసరికి వాడు కనుబొమలు ఎగరేసి, భుజాన లేని తువ్వాలు సర్దుకుంటున్నాడు. రాని మాటను కావాలని రానివ్వని మాటగా మార్చేశాడు.

"క్ష... క్ష... క్షమించారా అయ్యగారూ?" అని నడుం వంచి దణ్ణం పెట్టాడు.

చప్పట్లే చప్పట్లు. ఎవరో ఈల వేశారు. అధికారి కళ్లు తుడుచుకుంటూ, "ఆర్టిస్టంటే ఆర్టిస్టే," అని భుజం తట్టాడు. ఆ ఒక్క మాట ఇంకో రోజు విడిగా తీసి అతికిద్దామని మమ్మల్ని పంపించేశారు.

దారిలో వాడు బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ, "గట్టెక్కాను గదా అక్కా?" అన్నాడు.

"గట్టెక్కావు," అన్నాను.

గదంతా నవ్విన ఆ వీడియో ఎవరి ఫోన్లోంచి బయటపడిందో తెలియదు. 'క్షమాపణలోనూ వెక్కిరింతే' అని పైన రాసి ఉంది. చూసినవాళ్లు ముందు నవ్వారు. తరవాత నవ్వినందుకు తమ మీద తమకు కోపం వచ్చింది. ఆ కోపం వాడి మీద తీర్చుకున్నారు.

ఏటా సెలవుల్లో వాడు మా బడి పిల్లలకు నాటకం నేర్పేవాడు. హెడ్మాస్టరు నాకు ఫోన్ చేశారు. "తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారు టీచర్‌గారూ. మీ తమ్ముణ్ణి కొన్నాళ్లు పిల్లలకు దూరంగా ఉండమనండి." ఆయన కూడా మర్యాదగానే చెప్పారు. కూరలమ్మే ఆవిడ తూకం వేస్తూ, "మీ ఆయనకి ఉసురు తగుల్తుందమ్మా, చూస్తూ ఉండు," అని మరదలితో అని, అలవాటు కొద్దీ రెండు ఉల్లిపాయలు కొసరు వేసిందట. చానెల్ వాళ్లు వాడి ముక్క వెయ్యకుండా ఉత్త హెచ్చరికతో సీరియల్ మొదలుపెట్టారు. తలుపులు వేసుకుని వాడు ప్రతి భాగమూ చూశాడు. "ఇక్కడ రవ్వంత ముందే అందుకున్నాను," అని తన తప్పులు తను ఎంచుకున్నాడు.

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. నలభై దగ్గర పడ్డ మనిషి. తెల్లచొక్కా జేబు మీద మందుల షాపు గుర్తు ఉంది. తమ్ముడు మెట్ల మీద కూర్చుని గొడుగు ఊచ సరిచేస్తున్నాడు, నేను పక్కనే ఉన్నాను.

"ఇ... ఇ... ఇదేనా పప్పయ్యగారిల్లు?"

తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"మీ సీరియల్ వ... వచ్చిన రోజుల్లో నేను బళ్లో ఉన్నాను. అ... అందరూ నన్ను పప్పయ్యా అనేవాళ్లు. స... సరే, పిల్లలు. మా నాన్న కూడా అలాగే పిలిచేవాడు. పోయే రోజున మం... మంచం మీదనుంచి, నీళ్లు పట్రా పప్పయ్యా అన్నాడు. నా పేరు పె... పెట్టింది ఆయనే. మ... మరిచిపోయాడు."

అరవలేదు. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పేంత నిదానంగా చెప్పాడు.

"మొ... మొన్న సారీ చెప్పమంటే మళ్లీ నవ్వించారంట. ఎ... ఎందుకు చేశారో చెప్పండి. చె... చెబితే వెళ్లిపోతాను."

తమ్ముడు నోరు తెరవబోయాడు. పెదాలు కలిశాయి, విడివడలేదు.

"ప... ప... ప..."

నేను అడ్డం వెళ్లబోతే చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"ప... ప..."

ఆ మనిషి ఆ పెదాలనే చూస్తున్నాడు. లోకంలో ఇంకెవరికీ తెలియకపోయినా ఆయనకు తెలియాలి. రోజూ అద్దంలో చూసుకునే మొహమే గదా అది. తెలియలేదు.

"నా మొ... మొహం మీదే?" అన్నాడు. రెండు చేతులూ పైకెత్తి, మెల్లగా, ఒకటి తరవాత ఒకటిగా చప్పట్లు కొట్టాడు. గేటు చప్పుడు కాకుండా మూసి వెళ్లిపోయాడు.

తమ్ముడు మెట్టు మీద కూలబడ్డాడు. "ఏం చెబుదామనుకున్నావురా?" అని అడిగాను. వాడు వేలితో మెట్టు మీది దుమ్ములో రాసి చూపించాడు. పొరపాటు.

"తప్పు అనొచ్చుగదరా. త నీకు వస్తుందిగా."

"తప్పెట్లా అవుతుంది అక్కా? ఎవరినీ ఏడిపించాలని చెయ్యలేదు. అది..." మళ్లీ ఆ మాట మీదే వేలు పెట్టాడు. ఇల్లు తగలబడుతున్నా సరైన మాట కోసం వెతికే రకం.

మరదలు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "ఇంక చాలు," అంది. "ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పేస్తాను."

"చెప్తే నేను ఈ ఇంట్లో ఉండను."

"ఎక్కడికెళ్తారు? ఎక్కడికెళ్లినా ఊరి పేరు చెప్పి టికెట్టు అడగాలిగా!"

అంది గానీ, అనగానే ఆమె మొహమూ పాలిపోయింది. వాడు గొడుగు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆమె నా ఎదురుగా కూర్చుంది.

"నన్ను రాక్షసి అనుకోండి వదినా. బజారుకెళ్తే వీపు వెనక ఉమ్ముతున్నారు. రేపు ఇంకొకడొస్తాడు, వాడు చప్పట్లతో పోడు. నాకు మొగుడు మిగిలితే చాలు, నటుడు అక్కర్లేదు."

 ఆమె అన్నదాంట్లో దిద్దడానికి ఏమీ లేదు.

ఆమె ఫోన్ చేసింది. అవతల ఆ అమ్మాయి ఏడ్చిందట. మర్నాడు పళ్లు పట్టుకుని వచ్చి, వాడి చేతులు పట్టుకుని, "మాకు తెలియదు సార్. మిమ్మల్ని చూసి మేం నవ్వాం సార్," అని మళ్లీ ఏడ్చింది. వాడు ఆమెనే ఓదార్చాడు. వారం తిరక్కుండా హెచ్చరిక మారింది. 'ఇందులో నౌకరు పాత్ర ధరించిన వ్యక్తి నిజజీవితంలోనూ నత్తితో బాధపడుతున్నారు. ఆయన నిస్సహాయతను ఆనాడు వినోదానికి వాడుకున్నందుకు చింతిస్తున్నాం.' నటుడు అన్న మాట తీసేసి వ్యక్తి అని వేశారు.

తిట్టడం ఆగిపోయింది. ఎంతగా అంటే, వాడు మంగలిషాపుకి వెళ్తే వరసలో కూర్చున్నవాళ్లంతా లేచి చోటిచ్చారట. ఎదురుగా టీవీలో ఆ అక్షరాలు వెళ్తున్నాయి. ముప్పయ్యేళ్లుగా వాడికి క్షవరం చేస్తున్న మనిషే, చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా, "ఏం చెయ్యమంటారు? మెల్లగా చెప్పండి. తొందరేం లేదు!" అన్నాడట. షాపంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"మీసం తగ్గించు," అన్నాడు వీడు.

"పాపం, ఎంత కష్టపడి చెప్పారో చూడు," అన్నాడట వెనక ఎవరో.

ఇది చెబుతూ వాడు నవ్వాడు. మేమిద్దరం నవ్వలేకపోయాం. ఆ సాయంత్రం గోడ మీద బహుమతి లేదు. మరదలు తీసిందనుకున్నాను. ఆమె నేను తీశాననుకుంది.

సెలవులు అయిపోవస్తుండగా ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. సార్ ఒక్కసారి వచ్చి, ఈసారి సారీలూ గీరీలూ ఏమీ లేకుండా, తన మనసులో మాట చెబితే ప్రతి భాగం ముందూ వేస్తామంది. వాడు ఒప్పుకోడనుకున్నాను.

"వెళ్దాం అక్కా," అన్నాడు. "ఇంకెవరు రమ్మంటారు నన్ను? రాయి."

రాశాను. నన్ను చూసి ఇన్నేళ్లు నవ్వారు. ఆ నవ్వు మీది. ఈ నోరు నాది. రెండింటికీ రుణపడి ఉన్నాను.

అదే గది, అదే నల్లగుడ్డ. ఈసారి వాడికి కుర్చీ వేశారు. కెమెరామెన్ వచ్చి వాడి కాళ్లు తాకబోయాడు, వాడు పట్టి లేపాడు. మంచినీళ్లు అడక్కుండానే తెచ్చి పెట్టారు. లైట్లు వెలిగాయి. వాడు నాలుగు వాక్యాలూ చెప్పాడు. ఒక్క తడబాటు లేదు. నా జన్మలో వాడి నోట అంత చక్కటి మాట నేను వినలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ అమ్మాయి అధికారి వంక చూసింది, ఆయన తల పంకించాడు. ఆమె వచ్చి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"చాలా బాగుంది సార్. కానీ..."

"చెప్పమ్మా."

"మరీ సాఫీగా వచ్చింది సార్. హెచ్చరికలో అలా వేశాం గదా, చూసేవాళ్లు ఇదేంటి అనుకుంటారు. నమ్మరు. మీరు ఇక్కడ ఏమీ దాచుకోనక్కర్లేదు సార్, ఇప్పుడు అందరూ మనవాళ్లే. మీరు మీలాగే ఉండండి. ఒకటి రెండు చోట్ల ఆగినా మేం తీసెయ్యం."

వాడు ఆ పిల్ల మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. అందులో వెతికినా కల్మషం లేదు. అందుకే భయం వేసింది నాకు. నేను స్టూలు మీంచి లేచాను. వాడు కూర్చోమన్నట్టు చూశాడు.

"ఎక్కడెక్కడ ఆగమంటారు?" అని అడిగాడు.

"అయ్యో, అలా కాదు సార్. సహజంగా ఎక్కడ వస్తే అక్కడే."

"ఒక్క నిమిషం ఇవ్వండి," అని లేచి, మూలకు వెళ్లి, గోడకేసి తిరిగి నిలబడ్డాడు. వేషం కట్టే రోజుల్లో షాట్‌కి ముందు ఇలాగే నిలబడేవాడని విన్నాను, చూడ్డం అదే మొదటిసారి. తిరిగొచ్చి కూర్చునేసరికి భుజాలు కిందికి జారి ఉన్నాయి, వయసు ఒక పదేళ్లు పెరిగింది.

"న... న... నన్ను చూసి ఇన్నేళ్లు నవ్వారు," అన్నాడు. "ఆ నవ్వు మీది. ఈ నో... నో..." కళ్లు మూసుకున్నాడు. గుండెల్లోంచి లాగినట్టు లాగాడు. "ఈ నోరు నాది. రెండింటికీ రుణపడి ఉన్నాను."

కెమెరామెన్ కన్నీళ్లు తుడుచుకున్నాడు. అధికారి అద్దాల గదిలో అటు తిరిగాడు. ఆ అమ్మాయి లేచి వాడిని కావలించుకుంది. "ఇదీ సార్," అంటోంది. "ఇదీ మీరు."

పుట్టాక వాడు న మీద ఒక్కసారి కూడా ఆగలేదు. క వాళ్లకివ్వలేదు, ప ఇవ్వలేదు. లేనిదాన్ని అక్కడికక్కడ తయారుచేసి ఇచ్చాడు. ఆ గదిలో అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

బస్సులో వాడు మా స్టాపు రాబోతుంటే నావైపు వంగాడు.

"రెండోది రవ్వంత ఎక్కువైందా అక్కా?"

"లేదు. సరిపోయింది."

"నీకు తెలిసిపోయిందిగా."

"ఊఁ."

"ఇంకెవరికన్నా?"

"ఎవరికీ తెలియలేదు."

"అయితే సరే," అని వెనక్కి వాలి కూర్చున్నాడు.

బడి తెరిచిన నెలలోనే నిద్రలో పోయాడు. డాక్టరు గుండె అన్నాడు. నేనూ అడిగినవాళ్లకు గుండె అనే చెప్పాను. మందుల షాపు మనిషి వచ్చి వాడి తలదగ్గర చాలాసేపు కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు ఏడ్చాడు.

ఆ సీరియల్ ఇంకా వస్తోంది. ప్రతి భాగం ముందూ వాడి నాలుగు వాక్యాలూ వస్తాయి. చానెల్ వాళ్లు దాని కింద 'ఇది నటన కాదు' అని వేశారు. మరదలు అది చూసిన ప్రతిసారీ ఏడుస్తుంది. నేను ఆమె పక్కన కూర్చుని చివరిదాకా చూస్తాను. చాలా బాగా చేశాడు.